ఓరుఁగంటి సీమలో దొరకు నాణెములు – అనుకృతులు, కూటములు

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున ఓరుఁగంటి పూటకూటియింట నొక రూకకుఁ గడుపునిండ భోజనము దొరకినట్లు వర్ణింపఁబడినది. ఆ భోజనపదార్థముల నన్నింటిని తెలుఁగు పండితులు కంఠస్థముగాఁ జెప్పఁగలరు. ఆ రూక యెట్లుండెనో, దానిమీఁద నే ముద్ర యుండెనో చెప్పుట మాత్రము కష్టము. కాకతీయుల శాసనములలో గద్యాణములు, మాడలు, రూకలు, చిన్నములు అడుగడుగునను గానవచ్చును. దేవుని దీపమున కిన్ని, చెఱువున కిన్ని, సుంకమున కిన్ని యని లెక్కలు ఱాతిపైఁ జెక్కఁబడినవి. గణపతిదేవుని మోటుపల్లి శాసనమున (1244) సముద్రవ్యాపారపు సరకుల సుంకములు నాణెముల లెక్కనే విధింపఁబడినవి. అయినను కాకతీయప్రభువులవియే యని పేరు చూచి నిశ్చయింపఁదగిన నాణెములు, శాసనముల సంఖ్యతోఁ బోల్చిచూచినచో, మిక్కిలి కొలఁది.

ఈ కొఱఁత యొక యాశను బుట్టించినది. ఓరుఁగంటి మట్టికోటకును ఱాతికోటకును నడుమనున్న చేలలో నాఁగలికిఁ దగిలినదియు, పునాది త్రవ్వునపుడు బయల్పడినదియు, పాతయింటి గోడ కూలినపుడు రాలినదియు నగు ప్రతిబిళ్ళను గాకతీయులకే కట్టిపెట్టవలయునను కోరిక పలువురిలోఁ గలదు. దానిపై వరాహము కనఁబడినచో నింక సంశయమే యుండదు. వరాహము కాకతీయుల లాంఛన మగుట నిజమే. కాని యది యంతకుఁ బూర్వమే చాళుక్యుల లాంఛనము. తూర్పుచాళుక్యులలో శక్తివర్మయు (పాలన సుమారు 1000–1011), అతని వెనుకటి రాజరాజనరేంద్రుఁడును వరాహముద్రతోఁ బలుచని బంగారు నాణెములు కొట్టించిరి. అవి సముద్రము దాఁటి అరకాను తీరమునను, సయాము దేశమునను గూడ దొరకినవి. కావున వరాహ మొక్కటియే వంశనిర్ణయమునకుఁ జాలదు. అసలు నాణెములకే యిట్లు పేరు పెట్టుట కష్టమైనచోట నకలు నాణె మొకటి నడుమఁ జొరఁబడినచో ఆ తప్పు బడిపుస్తకములదాఁకఁ బ్రాఁకును.

అసలుదానిం బోలి చేయఁబడిన దెల్ల మోసమునకే చేయఁబడినదని తలఁచుటయు సరికాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరికొఱకు ఆ పోలికను గల్పించిరో ముందు తేలవలయును. అది తేల్చుటకు అక్షరమును లోహమును గలిపి చూచుట మంచి సాధనము. లిపి నెఱుఁగని పూర్వపు పనివాఁ డక్షరమును బొమ్మగాఁ జూచి చెక్కెను. కావున నతని చేఁతిలో గీఁత నిలిచినను అర్థము జాఱిపోయినది. కాని లోహమును మాత్రము తఱచుగా మేలైనదే వాడెను. నేఁటి నకలుకారుఁడు అసలు నాణెమునుండియే మూసఁ దీయును. అతని పనిలో నక్షరము చెడదు, లోహము చెడును. ఈ రెండింటికి నడుమ లోహ మొక్కటియై అక్షరము మాత్రమే వేఱైన యొక విచిత్రమగు తెగ కలదు. దాని చరిత్ర ఓరుఁగంటి చరిత్రతోఁ బెనవేసికొన్నది.

తెలంగాణపు నేలలో దొరకు నకలు నాణెములలో మిక్కిలి ప్రాచీనములు రోమక నాణెముల యనుకృతులు. నల్లగొండ మండలపు అక్కనపల్లిలో 1,531 రోమక వెండి దీనారము లొక్కచోట దొరకినవి. అవి అగస్టసు, తైబీరియసు చక్రవర్తుల కాలమునకుఁ జెందినవి. దక్షిణాపథమున దొరకు రోమక వెండి నాణెములలో రెండు రకములే యధికము. అగస్టసు దౌహిత్రులగు గాయసు, లూసియసు లిరువురు డాళ్ళతోను బల్లెములతోను నిలుచున్నది యొకటి. తైబీరియసు తలయు, వెనుకవైపున పీఠముపైఁ గూర్చున్న స్త్రీమూర్తియుఁ గలది మఱియొకటి. ఏఁటేఁట 5 కోట్ల సెస్టర్షియసుల ధనమును హిందూదేశము లాగికొనుచున్నదని ప్లీనీ మొఱపెట్టిన దీ వ్యాపారమును గూర్చియే. మన వర్తకులు ఆ బొమ్మలకు అలవాటుపడిన పిదప మనదేశపు పనివారు వానిని బోలిన నాణెములను దామే చేసిరి. అసలుదానిమీఁద చక్రవర్తి బిరుదములు లాటిను లిపిలో నుండఁగా అనుకృతిపైఁ గడ్డిపోచలవంటి గీఁతలు వరుసగా నుండును. చక్రవర్తి ముక్కును గన్నులును మనసీమ శిల్పముల పోలికకు వచ్చును.

అట్టివానిలోఁ బెక్కింట లోహము మంచిదే. బంగారపుటనుకృతులలో మేలైన బంగారమే వాడిరి. తగిన తూనికగల బంగారమునకు బంగార మిచ్చినచో మోసపోయినవాఁ డెవఁడు? బొమ్మ యలవాటైనది గనుక వర్తకుఁడు పుచ్చుకొనెను. లోహము సరిగా నున్నది గనుక నష్టపడలేదు. పెక్కింటికి తల పైభాగమున రెండు రంధ్రములు కలవు. అవి మెడలో వ్రేలవేసికొనుటకుఁ జేసినవి. తెలుఁగుస్త్రీల కాసులపేరునకు ఇంతకన్నఁ బాతదగు పోలిక వెదకనక్కఱలేదు. నేఁడు కంసాలి లక్ష్మీదేవి బొమ్మతోఁ గాసులు కొట్టి పేరు గ్రుచ్చుచున్నాఁడు. అవి యే రాజ్యమునందును జెల్లిన నాణెములు కావు. అయినను వానిని నకిలీ యని యెవ్వరును అనరు. మెదకు సీమలోని కొండాపురమున 1940–41 లో నైజాము పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరపిరి. అచ్చట రోమక నాణెముల ముద్రలను మట్టిలో నొత్తి కాల్చిన బిళ్ళలు గూడ బయల్పడినవి. బంగారము కొనలేనివారికి మట్టియే యాభరణ మైనది కాఁబోలు.

ఇఁక ఓరుఁగంటికి వత్తము. 1323 లో ఉలుఘ్‌ఖాను కోటను బట్టుకొనెను. ప్రతాపరుద్రుఁడు ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు నర్మదాతీరమున దేహము చాలించెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము దెలుపుచున్నది. జయించినవారు ఓరుఁగంటికి సుల్తానుపుర మని పేరు పెట్టిరి. ఘియాసుద్దీను తుఘ్లకు కొట్టించిన నాణెములలో కొన్నింటిపై కమ్మటపుఁ బేరు ‘ముల్కె తిలంగ్’, అనఁగాఁ దెలుఁగుదేశము, అని కలదు. తెలుఁగుదేశపుఁ బేరు ఢిల్లీ నాణెముపై నెక్కిన దప్పుడు. 1325 లో ఆ యులుఘ్‌ఖానే మహమ్మదు బిన్ తుఘ్లకను పేర సింహాసన మెక్కెను. అతని కాలమున సుల్తానుపుర మొక కమ్మటపు నగరమై నిలిచినది.

హిజరీ 730 మొదలు 732 వఱకు, అనఁగా 1329 మొదలు 1332 వఱకు, ఆ సుల్తాను రాగితోను ఇత్తడితోను బిళ్ళలు కొట్టించి, వానిని వెండి టంకములకు మాఱుగాఁ బుచ్చుకొనవలయునని శాసించెను. చీనాలో కుబ్లయిఖానుఁడు కాగితపు ధనమును నడపినాఁడు. పారసీకమున గైఖాతు ఖానుఁడు 1294 లో తబ్రీజునగరమునందు అట్టిదే ప్రయత్నించి యోడినాఁడు. సుల్తాను ఆ దారినే మఱియొక లోహముతోఁ ద్రొక్కెను. ఈ బిళ్ళలు కొట్టిన కమ్మటములు ఢిల్లీ, దౌలతాబాదు, ధార్, లఖ్నౌతి మొదలగునవి. సుల్తానుపురమును వానిలో నొకటి. బిళ్ళ యించుమించు 9 గ్రాముల తూనిక గలది. ఆశాపరుఁడగు దాసుఁడు మహమ్మదు తుఘ్లకు కాలమున ఇది చెల్లుబడియగు టంకముగా ముద్రింపఁబడినదని యొకవైపునను, సుల్తానునకు విధేయుఁడైనవాఁడు దేవునికి విధేయుఁడైనవాఁడే యని రెండవవైపునను వ్రాయించెను. వెండి యైనచో నీ మాట లక్కఱలేదు. లోహము తన వెలను దాను జెప్పలేనపుడు అక్షరములు ప్రజలను బతిమాలవలసివచ్చినది.

తరువాతి కథను జియాయుద్దీను బరనీ తన చరిత్రమున వ్రాసెను. ఇండ్లన్నియుఁ గమ్మటములైనవనియు, జనులు ఇంటఁ గొట్టిన బిళ్ళలతోనే పన్నులు చెల్లించి గుఱ్ఱములను ఆయుధములను గొనిరనియు, దూరదేశములందు ఆ బిళ్ళలను రాగి వెలకే పుచ్చుకొనిరనియు, కడకు సుల్తాను విసిగి వాని నన్నింటిని బొక్కసమునకుఁ దెచ్చినవారికి బంగారమును వెండియు నిచ్చెననియు, తుఘ్లకాబాదులో అవి కొండలవలెఁ బడియుండెననియు అతఁడు చెప్పినాఁడు. బరనీ యీ నేరమును హిందువులపైఁ బెట్టినాఁడు. ఆ మాటను యథాతథముగాఁ గొనుట చరిత్రకారునికిఁ దగదు. ఇత్తడి కరఁగించుటకు మతముతోఁ బనిలేదు. అయినను బిళ్ళలు దొంగతనముగా విరివిగాఁ జేయఁబడినవన్న మూలాంశమును సందేహింపఁ బనిలేదు, అట్టి బిళ్ళలే సాక్ష్యమిచ్చుచున్నవి కనుక.

కౌటిల్యుని యర్థశాస్త్రము (దీనిని 1909 లో ఆర్. శామశాస్త్రి మైసూరునుండి ప్రకటించిరి) ఈ విషయమున నెక్కుడు జాగరూకత చూపినది. నాణెములను బరీక్షించుటకు రూపదర్శకుఁ డను నుద్యోగి యందుఁ గలఁడు. లోహములు, క్షారములు, బొగ్గులు, కొలిమితిత్తులు, పట్టుకాఱులు, మూసలు, ముద్రలు పలుమాఱు గొనువాఁడును, చేఁతులును బట్టలును మసితోను పొగతోను మాసియుండువాఁడును కూటరూపకారకుఁ డేమో యని కనిపెట్టవలయునని యచ్చట విధింపఁబడినది. సుల్తానుకడ నట్టి రూపదర్శకుఁడు చేయఁగలిగిన దేమి? అసలు బిళ్ళ యిత్తడి, నకలు బిళ్ళయు నిత్తడి. గీటురాయి పలుకదు, త్రాసు పలుకదు. మిగిలినది వ్రాఁత యొక్కటియే.

కావున తుఘ్లకు బిళ్ళ యొకటి ఓరుఁగంటి చేనఁ దొరకినపుడు దానిని వ్రాఁతచేతనే పరీక్షింపవలయును. సర్కారు కమ్మటమున అచ్చులు చెక్కినవారు చేయితిరిగిన లేఖకులు. మహమ్మదు బిన్ తుఘ్లకు నాణెముల సౌష్ఠవమును బట్టి 1871 లో ఎడ్వర్డు థామసు అతనిని నాణెములు కొట్టించినవారిలో రాజకుమారుఁ డని పొగడెను. దొంగకమ్మటమున చెక్కినవాఁడు కంసాలియో కంచరియో, పారసీక మెఱుఁగఁడు. అతని చేఁతిలో అక్షరపుఁ గొమ్ములు తెగును, చుక్కలు తావు మాఱును, ఒకమాట సగమై రెండవమాటలోఁ గలిసిపోవును, ఏఁడు వ్రాయవలసినచోట వట్టి గీఁతలు నిలుచును. బిళ్ళ తూనికయుఁ దఱచుగాఁ దగ్గును. 1936 లో హెచ్. నెల్సన్ రైటు ఢిల్లీ సుల్తానుల నాణెములను గూర్చి ప్రకటించిన గ్రంథమును దగ్గఱ నుంచుకొని పోల్చి చూచినచో ఈ భేదము త్వరగాఁ దెలియును.

కాలనిర్ణయమునకు మఱియొక యాధారము గలదు. 1336 ప్రాంతమున కాపయనాయకుఁడు ఓరుఁగల్లును దిరిగి స్వాధీనపఱచుకొనెను. కావున సుల్తానుపురపు కమ్మటము బ్రదికినది పదుమూఁ డేండ్లకు మించదు. రాగిబిళ్ళలకు అందు మూఁడేండ్లే చెందును. ఆ పేరుతో తరువాతి హిజరీ సంవత్సరము గల బిళ్ళ వచ్చినచో ఒకటికి రెండుమాఱులు చూడవలయును. హిజరీ వత్సరము చాంద్రమానము, 354 దినములది. కావున దానికి 622 కలిపినంత మాత్రమున క్రీస్తుశకము రాదు. హిజరీ సంఖ్యను 0.97 తో గుణించి 622 కలిపినచో ఇంచుమించు సరిపోవును: 730 కు 1330 వచ్చును. బడిపండితులలోఁ గొందఱు ఈ గుణకారమును మఱచుటచేత తుఘ్లకు నాణెములు 1352 లోనికి, అనఁగా ఆ సుల్తాను చనిపోయిన మఱుసటి యేఁటికి, జరిగిపోవును.

ఇట్టి కూటపుబిళ్ళను నకిలీ యని పాఱవేయుట పెద్దనష్టము. అది 14వ శతాబ్దపుఁ గంచరి పని. ఎవనిచేతనో రాజాజ్ఞ పరిహాసమునకుఁ బాత్రమైనదనుటకు ప్రత్యక్షసాక్ష్యము. బరనీ ఢిల్లీలోఁ గూర్చుండి వ్రాసినది తెలుఁగునేలలోను జరిగెనా లేదా యనుట కిట్టి బిళ్ళలు దొరకిన తావులే ప్రమాణములు. నేఁటి మోసగానికి వీనిపై దృష్టి తక్కువ; అసలుబిళ్ళలే నేఁటికిని విరివిగా దొరకుచుండఁగా వానికి నకలు చేసి లాభించున దేమియు లేదు.

రామటంకముల సంగతి యింతకన్న సున్నితమైనది. సీతారాములు సింహాసనమున నుండ లక్ష్మణుఁడు గొడుగు పట్ట ఆంజనేయుఁడు మ్రొక్కుచున్న పట్టాభిషేకపు బొమ్మ గల బిళ్ళలు తెలుఁగువారి పూజామందిరములందుఁ బెక్కు గలవు. కొన్ని గిన్నెవలె లోఁతుగా నుండును. వెండివి, ఇత్తడివి, బంగారునీరు పూసినవి గలవు. పాతయిండ్లు విప్పునపుడు గోడలనుండియు, గడపల క్రిందనుండియు ఇవి బయటఁబడును. ఓరుఁగంటి సీమలో ఇట్టివి కనఁబడఁగనే భద్రాచల రామదాసు కథ జ్ఞప్తికి వచ్చుట సహజము. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండిన గోపన్న సర్కారు పైకముతో గుడి కట్టించి గోలకొండ చెఱసాలలో నుండఁగా రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆఱు లక్షల పైకమును రామమాడలలోఁ జెల్లించిరని యైతిహ్యము. తానీషా, అనఁగా అబుల్‌హసన్ కుతుబ్‌షా, 1672 మొదలు 1687 వఱకు ఏలెను.

భక్తుల విశ్వాసమును నాణెశాస్త్రము తూఁచఁజాలదు, తూఁచఁబోవుటయుఁ దగదు. కాని యొక బిళ్ళను చేఁతఁ బట్టుకొని ఇది రామదాసు నాఁటిది, ఇది ప్రతాపరుద్రుని నాఁటిది యన్నపుడు శాస్త్రము తప్పక మాటాడవలయును. రాముని బొమ్మతో రాజులు నాణెములు కొట్టించుట నిజముగాఁ గలదు. తళ్ళికోట యుద్ధము (1565) పిమ్మట పెనుగొండనుండి యేలిన ఆరవీటి తిరుమలరాయఁడు సీతారామలక్ష్మణుల బొమ్మతో బంగారు వరాహములు కొట్టించెను. అక్బరు సయితము తన కడపటి దినములలో, 1604–05 ప్రాంతమున, సీతారాముల బొమ్మగల నాణెములను గొన్నింటిని వెలువరించెను. రామటంకము లిట్టివానిని బోలినవే యైనను రాజముద్రలు కావు. తీర్థములందును, పెండ్లిండ్లయందును గానుకగా నిచ్చుటకు, పూజించుటకుఁ జేసినవి. నేఁడు కానవచ్చువానిలో నధికభాగము 18, 19వ శతాబ్దులకుఁ బూర్వమునకుఁ బోవు. వీని యంచున నాగరలిపిలో రామలక్ష్మణజానకీహనుమంతుల పేరు లుండవలసినచోట పలుమాఱు తలక్రిందులైన యక్షరములుండును. సంవత్సరముగాఁ జూపఁబడు 51740 వంటి సంఖ్య యే శకమునకును జెందదు. దానిని దీసికొని త్రేతాయుగపు లెక్కలు వేసినవారును గలరు. ఆ సంఖ్యయు, రోమకానుకృతిపైఁ గడ్డిపోచలవంటి గీఁతలును, తుఘ్లకు బిళ్ళపైఁ దెగిన కొమ్ములును ఒకేజాతివి: చదువని చేయి చూచి వ్రాసినవి.

మోసపు సరకు మఱియొకటి. ఒకవైపున ఈస్టిండియా కంపెనీ పేరును అరయణా యనియు, ఆ క్రింద 1616, 1717, 1818 వంటి యేండ్లును, మఱియొకవైపున రామపట్టాభిషేకమో హనుమంతుఁడో గల రాగి యిత్తడి బిళ్ళలు ఊరూరను గలవు. ఇవి బియ్యపుగింజలను దమవైపునకు లాగుననియు, అద్భుతశక్తులు గలవనియుఁ జెప్పి లక్షలకు అమ్మఁజూచువారు తెలంగాణమున తఱచు పోలీసులచేఁ జిక్కుచున్నారు. ఇనుపచక్రము శివలింగమునకుఁ దగిలి బంగారమైన కథను ఏకామ్రనాథుఁడు ప్రతాపచరిత్రమున ఓరుఁగంటికే ముడివెట్టినాఁడు. ఆ నేలపైఁ బరుసవేదియం దాశ యింకను జావలేదు.

ఈ బిళ్ళలను దోసిపుచ్చుటకు త్రాసుతోఁ బనిలేదు, చరిత్ర చాలును. కంపెనీవారు మచిలీపట్టణమున వర్తకస్థాన మేర్పఱచుకొన్నది 1611 లో. 1616 నాఁటికి మనదేశమున వారికి కోటయే లేదు, కమ్మటమెక్కడిది? చెన్నపట్టణపుఁ గోట వెలసినదే 1639–40 లో. యంత్రముతోఁ గొట్టిన రాగినాణెములు తెలుఁగుసీమకు మొదట వచ్చినది 1794 లో. ఉత్తరసర్కారుల కొఱకు బర్మింగుహాము చేరువనున్న సోహో కమ్మటమున కొట్టి పంపిరి. రూపాయకు 48, 96 చొప్పున చెల్లు నాణెములవి. 1797 లో మరలఁ గొట్టిరి. 1803, 1808 సంవత్సరముల 10, 20 కాసుల రాగినాణెములు అందఱెఱిఁగినవే. దేశమంతటికి నొకేవిధమగు కంపెనీ నాణెములు 1835 లో వచ్చినవి. ఈ రాగినాణెములలో దేనిమీఁదను దేవతామూర్తి లేదు. ఇచ్చట నొక్కమాట: కంపెనీవారు దేవతల బొమ్మలతో నాణెములు కొట్టనే లేదనుట తప్పు. చెన్నపట్టణపు వరాహములపై విష్ణుమూర్తియు, మూఁడుస్వాముల వరాహములపై దేవేరులతోఁ గూడిన వేంకటేశ్వరుఁడును గలరు. మోసగాండ్రు నమ్మించుటకు ఈ సగము నిజమే తోడ్పడుచున్నది. వరాహముపై స్వామి యుండుట చరిత్ర. అరయణాపై 1616 అను నేఁటితో రాముఁడుండుట కల్పన.

ఇఁక నసలు నాణెమునుండి మూసఁ దీసి పోఁతపోసిన నకలు. ఇందు చరిత్ర తప్పదు, అక్షరము తప్పదు. అందుచే పండితుఁడే ముందు మోసపోవును. పూర్వపు నాణెములు పెక్కు సమ్మెటపోటుతోఁ గొట్టఁబడినవి. పోటుపోటునకు బిళ్ళ కొంచె మిటునటు జరుగును, అంచు పగులును, ముద్ర యొకవైపున లోఁతై మఱియొకవైపునఁ దేలును. కావున రెండు నాణెములు అన్నివిధముల నొక్కటిగా, ఒకే పగులుతో, ఒకే గంటితో నున్నచో రెండును ఒక మూసనుండి పుట్టినవని తలఁపవచ్చును. పోఁతబిళ్ళపై సన్ననిగుంటలును, ఇసుకరేణువులవంటి బుడిపెలును, అంచున రెండు మూసలు కలిసిన గీఁతయు, దానిని ఆకురాయితో రుద్దిన జాడయుఁ గనఁబడును. అయినను పోఁత యనుటతోనే క్రొత్త దనరాదు. ప్రాచీనకాలమునఁ బోఁత నాణెములును గలవు. రోహతకమున దొరకిన యౌధేయుల నాణెపు మూసలను బరిశీలించి 1945 లో బీర్బల్ సాహ్ని నాణెములను బోఁతపోయు విధానమును వివరించెను. ఆయన వృత్తిచేత వృక్షశాస్త్రజ్ఞుఁడు. శిలలలోని యాకుల జాడలు చదువు కన్ను మట్టిమూసలనుగూడఁ జదివినది. కొండాపురమునను మట్టిమూసలు దొరకినవి.

లోహపరీక్షకు కంసాలి త్రాసును నీటిగిన్నెయుఁ జాలును. నాణెమును గాలిలోఁ దూఁచి, దారముతోఁ గట్టి నీట మునుఁగవిడిచి మరలఁ దూఁచి, మొదటి తూనికను తగ్గిన తూనికచే భాగించినచో లోహపు సాంద్రత తెలియును. మేలిమి బంగారమునకు 19.3, సీసమునకు 11.3, వెండికి 10.5, రాగికి 8.9, ఇత్తడికి ఇంచుమించు 8.5 వచ్చును. 3.4 గ్రాముల వరాహము మేలిమిదైనచో నీట 0.18 గ్రాము తగ్గును. బంగారునీరు పూసిన ఇత్తడి యైనచో 0.40 తగ్గును. ఈ భేదము కంసాలి త్రాసుపై స్పష్టముగాఁ దెలియును. చిన్నమువంటి చిఱునాణెములకు మాత్రమీ పద్ధతిని నమ్మరాదు. నీటిబుడగ యొకటి యంటుకొన్నను లెక్క తాఱుమాఱగును.

దొరకినవారు మొదటఁ జేయు పని చింతపండుతోను బూడిదతోను నాణెమును దోముట. దానితో చిలుము పోవును, చిలుముతోఁ బాటు సగము సాక్ష్యము పోవును. ఏండ్ల తరబడి నేలలో నున్న రాగికి పట్టిన చిలుము లోహములోనికిఁ బాఁకి గట్టిపడియుండును; మందులతోఁ బుట్టించిన పచ్చదనము గోటికే రాలును. దోమిన నాణెమున నీ భేదమును జూచుటకు వీలుండదు.

1878 నాఁటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము నేలలో దాఁగి దొరకిన పదిరూపాయలకు మించిన వెలగల నిధిని గూర్చి కలెక్టరునకుఁ దెలుపవలయును. వ్రాసి తెలుపునపుడు ఊరిపేరు, చేనిపేరు, ఎంత లోఁతున దొరకెనో, కుండలో నుండెనా విడిగా నుండెనా, తోడ నింకేమి దొరకెనో చేర్చుట మేలు. ఇది వట్టి లాంఛనము కాదు. గోదావరి యొడ్డునఁ గోటిలింగాలలో వానలకుఁ బైకిఁ దేలిన నాణెములను 1970 తరువాతి దశకమునందు పి. వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించిరి. గోబద, నారన, కంవాయ, సమగోప యను రాజుల పేరులు చరిత్రలోనికి వచ్చిన దట్లే. చిముకుని పేరుగల నాణెములును అచ్చటనే దొరకినవి. తా వొక్కటియే యగుటచేత, ఆ రాజులను శాతవాహనులతోఁ జేర్చి వరుస గట్టుటకు వీలైనది. అట్టివే నాణెములు తావు చెప్పక అంగళ్ళలోఁ జేతులు మాఱి వచ్చినపుడు, అక్షరము లెంత తేటగా నున్నను, అవి యే కమ్మటమునఁ గొట్టినవో, ఏ మూసనుండి వచ్చినవో తెలుపఁగలవారు లేరు.